వెనుక చక్రం బ్రేకు

(బి.ఎస్సీ. విద్యార్థి, ఉరవకొండ)

బండి కొనేవాడు మొదట అడిగే ప్రశ్న "ఎంత స్పీడు పోతుంది?" అని. "ఎంత దూరంలో నిలబడుతుంది?" అని అడిగేవాళ్ళు బహు తక్కువ. పరుగు ఇంజను పని, నిలకడ బ్రేకు పని. ఇంజను చెడితే బండి రోడ్డు పక్కన ఆగిపోతుంది, అంతే. బ్రేకు చెడితే ఆగదు. కష్టమంతా అక్కడే వుంది.

బ్రేకుల్ని గురించి మనలో ఒక నమ్మకం స్థిరపడిపోయింది. వెనుక బ్రేకు ఎంత గట్టిదైతే బండి అంత త్వరగా నిలబడుతుందని, ముందు బ్రేకు ముట్టుకుంటే పల్టీ కొడుతుందని. మా ఊళ్ళో మెకానిక్ షాపు దగ్గర నిలబడితే ఈ మాట రోజుకు పదిసార్లు వినిపిస్తుంది. "వెనక డిస్కు వేయించుకోప్పా, బండి మేకు కొట్టినట్లు నిలబడుతుంది" అని సలహాలు చెబుతుంటారు. ఈ మాటలో నిజమెంత? మనం ఇంటర్మీడియట్‌లో చదివిన యంత్రశాస్త్రమే దీనికి జవాబు చెప్పగలదు. ఆ లెక్కను మొదట ఒక చిన్న స్పోర్ట్స్ కారు మీద చేసి, తరువాత మన మోటారు సైకిలు మీదికి, ట్రాక్టరు మీదికి తీసుకువస్తాను.

కొంచెం చరిత్ర

మోటారు వాహనాలు పుట్టిన కొత్తలో చాలావాటికి బ్రేకులు వెనుక చక్రాల మీదనే పనిచేసేవి. 1908 నుంచి 1927 దాకా తయారైన ఫోర్డు మోడల్ టి కారు అందుకు పెద్ద ఉదాహరణ. ముందు చక్రాలు అటూ ఇటూ తిరగాలి గనుక వాటికి బ్రేకు అమర్చడం కష్టమనుకున్నారు. పైగా ముందు చక్రం పట్టేస్తే బండి బోర్లా పడుతుందన్న భయం ఆనాటి వాళ్ళకు కూడా వుండేది. నాలుగు చక్రాలకూ బ్రేకులన్నది 1920ల్లోగాని బాగా వాడుకలోకి రాలేదు.

డ్రమ్ము బ్రేకు, డిస్కు బ్రేకు రెండూ దాదాపు ఒకే యీడువి. ఫ్రాన్సులో లూయీ రెనో డ్రమ్ము బ్రేకును రూపొందించిన 1902లోనే ఇంగ్లండులో ఫ్రెడరిక్ లాంచెస్టర్ డిస్కు బ్రేకుకు పేటెంటు తీసుకున్నాడు. కాని డ్రమ్ము ముందు గెలిచింది. డిస్కు సంగతి లోకానికి తెలిసింది 1953లో, ల మాన్ 24 గంటల పందెంలో డిస్కు బ్రేకుల జాగ్వార్ కారు గెలిచినప్పుడు. 1955లో వచ్చిన సిట్రోయెన్ డి.ఎస్. కారు దాన్ని మామూలు జనం దాకా తెచ్చింది. ఆ కారుకు కూడా ముందు చక్రాలకే డిస్కులు, వెనుక డ్రమ్ములే. అది పొదుపు కోసం మాత్రమే చేసిన పని కాదు. దాని వెనుక ఒక సూత్రం వుంది.

బరువు ముందుకు మొగ్గుతుంది

బస్సు డ్రైవరు సడెన్ బ్రేకు వేస్తే నిలబడ్డ మనం ముందుకు తూలుతాం. ఇది జడత్వమని పుస్తకంలో చదువుకున్నాం. బండి కూడా అలాగే తూలుతుంది. బ్రేకు బలం నేల దగ్గర, అంటే టైరు అడుగున పనిచేస్తుంది. బండి గురుత్వ కేంద్రం నేలకు కొంత ఎత్తున వుంటుంది. ఈ రెంటి మధ్యనున్న ఎత్తు వల్ల ఒక భ్రామకం పుట్టి బండి ముక్కును కిందికి అదుముతుంది, తోకను పైకి లేపుతుంది. ముందు చక్రాల మీద బరువు పెరుగుతుంది, వెనుక చక్రాల మీద అంతే తగ్గుతుంది.

ఎంత తగ్గుతుంది? బండి బరువును, గురుత్వ త్వరణంలో ఎన్నో వంతు ఋణత్వరణం వుందో ఆ సంఖ్యతో గుణించి, దాన్ని గురుత్వ కేంద్రం ఎత్తుతో గుణించి, ముందు వెనుక ఇరుసుల మధ్య దూరంతో భాగించాలి. అంతే లెక్క.

ఒక చిన్న స్పోర్ట్స్ కారు తీసుకుందాం. డ్రైవరుతో కలిపి 800 కిలోలు. ఇరుసుల మధ్య దూరం 2.1 మీటర్లు. గురుత్వ కేంద్రం ఎత్తు అర మీటరు. నిలబడి వున్నప్పుడు ముందు 400, వెనుక 400 కిలోలు. మంచి పొడి తారు రోడ్డు మీద టైరు ఘర్షణ గుణకం 0.8 అనుకుందాం. అంటే ఆ బండికి సాధ్యమైన గరిష్ఠ ఋణత్వరణం గురుత్వ త్వరణంలో 0.8 వంతు. అప్పుడు ముందుకు మొగ్గే బరువు 800ను 0.8తోను, 0.5తోను గుణించి 2.1తో భాగిస్తే సుమారు 152 కిలోలు. ముందు ఇరుసు మీద 552, వెనుక ఇరుసు మీద 248.

టైరు పట్టు దాని మీది బరువును బట్టే వుంటుంది గనుక, ఈ బండిని ఆపే పనిలో వెనుక చక్రాలు మోయగలిగిన వాటా నూటికి 31 మాత్రమే. మిగతా 69 ముందు చక్రాలదే. రోడ్డు తడిసి ఘర్షణ సగానికి పడిపోతే, వెనుక వాటా 40 దాకా పెరుగుతుంది. బ్రేకు ఎంత మెల్లగా వేస్తే వెనుక వాటా అంత ఎక్కువ, ఎంత గట్టిగా వేస్తే అంత తక్కువ. ప్రాణం మీదికి వచ్చిన క్షణంలో వెనుక చక్రం చేయగలిగింది అతి తక్కువ అన్నమాట.

వెనుక బ్రేకు పెంచితే ఏమవుతుంది?

ఇప్పుడు యజమాని ఉత్సాహపడి వెనుక మాత్రమే పెద్ద బ్రేకులు వేయించాడు అనుకుందాం. వాటా 31 నుంచి 40కి పెరిగింది. పెడల్ గట్టిగా తొక్కాడు. ఋణత్వరణం 0.68 దగ్గరకు రాగానే వెనుక చక్రాలు తమ పట్టు మొత్తం వాడేసుకుని జారడం మొదలుపెడతాయి. ఆ సమయానికి ముందు చక్రాలకు ఇంకా పట్టు మిగిలే వుంది. ముందువి 423 కిలోల బలం దాకా ఓర్చగలవు, వాడుతున్నది 325. కాని దాన్ని వాడుకోవాలని ఇంకా తొక్కితే వెనుక చక్రాలు పూర్తిగా బిగిసిపోతాయి.

బిగిసిన చక్రానికి పక్కలకు పట్టు వుండదు. ముందు చక్రాలు బిగిస్తే బండి స్టీరింగు మాట వినక తిన్నగా పోతుంది, అదీ ప్రమాదమే. వెనుకవి బిగిస్తే తోక పక్కకు తిరిగి, బండి బొంగరంలా చుట్టేస్తుంది. మొదటిదానిలో కాలు కాస్త సడలిస్తే స్టీరింగు తిరిగి చేతికొస్తుంది. రెండవదానిలో అంత వ్యవధి వుండదు. అందుకే తయారీదారులు ముందు చక్రాలే ముందుగా జారేట్లు కావాలని అమరుస్తారు.

కాబట్టి ఈ డ్రైవరు క్షేమంగా వుండాలంటే 0.68 దగ్గరే ఆగిపోవాలి. గంటకు 80 కిలోమీటర్ల వేగం నుంచి 0.8తో ఆగితే బండికి 31.5 మీటర్లు చాలు. 0.68తో ఆగితే సుమారు 37 మీటర్లు కావాలి. డబ్బు ఖర్చుపెట్టి బ్రేకులు 'పెంచిన' తరువాత బండి దాదాపు 6 మీటర్లు ఎక్కువ దూరం పోయి ఆగుతున్నది! ఈ లెక్క మొదటిసారి తేలినప్పుడు నేను నమ్మలేదు. మళ్ళీ చేసి చూసినా అదే వచ్చింది.

దీన్ని తెలిసిన ఇంజనీర్లు ఎలా చేశారో చూడండి. 1962లో ఇంగ్లండులో ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ అనే చిన్న స్పోర్ట్స్ కారు వచ్చింది. దాని ఛాసిస్ ట్రయంఫ్ హెరాల్డు ఛాసిస్‌ను పొట్టిచేసినదే. ఆ హెరాల్డే మద్రాసులో స్టాండర్డ్ హెరాల్డు పేరుతో తయారై మన రోడ్ల మీద తిరిగింది. స్పిట్‌ఫైర్‌కు ముందు 9 అంగుళాల డిస్కులు, వెనుక 7 అంగుళాల డ్రమ్ములు. అదే ఒరవడిలో 1966లో ఆరు సిలిండర్ల ఇంజనుతో జి.టి.6 అనే బరువైన కారు తెచ్చినప్పుడు వెనుక డ్రమ్మును 8 అంగుళాలకు పెంచారు. కాని ముందు డిస్కును కూడా 9.7 అంగుళాలకు పెంచారు. వెనుక మాత్రమే పెంచి వూరుకోలేదు. నేటికీ స్పిట్‌ఫైర్ యజమానులు జి.టి.6 వెనుక డ్రమ్ములు తెచ్చి వేసుకుంటుంటారు. 7 నుంచి 8 అంటే మీట చేయి నూటికి 14 పెరిగినట్లే. అలా చేసేటప్పుడు సిలిండరు కొలత కూడా చూసుకోవాలి. పాస్కల్ నియమం ప్రకారం బ్రేకు బలం పిస్టను వైశాల్యాన్ని బట్టి వుంటుంది. 19 మిల్లీమీటర్ల సిలిండరు బదులు 16 మిల్లీమీటర్లది వేస్తే బలం నూటికి 29 తగ్గుతుంది. డ్రమ్ము పెద్దదైనా సిలిండరు సన్నదైతే వాటా మారకుండా చూసుకోవచ్చు.

మరి పెద్ద డ్రమ్ము దేనికి?

వేడి కోసం. బ్రేకు వేగాన్ని మాయం చేయదు, గతిజశక్తిని వేడిగా మారుస్తుంది. మన 800 కిలోల కారు గంటకు 80 కిలోమీటర్ల నుంచి ఒకసారి ఆగితే పుట్టే వేడి సుమారు 1,98,000 జౌళ్ళు. అర లీటరుకు పైగా నీళ్ళను మరిగే దాకా తెచ్చేంత వేడి. ఇది ఒక్కసారి ఆగినందుకు. కొండ దిగేటప్పుడు స్థితిజశక్తి కూడా కలుస్తుంది. తిరుమల నుంచి తిరుపతికి సుమారు 700 మీటర్లు దిగుతాం. ఆ కారుకు అది దాదాపు 55 లక్షల జౌళ్ళు, అంటే 80 వేగం నుంచి 28 సార్లు ఆగినంత. ఈ భారమంతా బ్రేకు మీద వేస్తే అది తట్టుకోదు. అందుకే ఘాట్ రోడ్డులో దిగేటప్పుడు గేరు తగ్గించి ఇంజనునే బ్రేకుగా వాడాలి.

వేడెక్కిన డ్రమ్ము వ్యాకోచించి షూకు దూరంగా జరుగుతుంది. లైనింగు ఘర్షణ కూడా తగ్గుతుంది. పెడల్ లోపలికి పోతుంటుంది, బండి మాత్రం ఆగదు. డిస్కు గాలికి తెరిచి వుంటుంది, త్వరగా చల్లబడుతుంది, వ్యాకోచించినా ప్యాడు వైపుకే జరుగుతుంది. అదే దాని గొప్ప.

అయితే డ్రమ్ముకు ఒక సొంత బలం వుంది. చక్రం తిరిగే దిశలో వున్న షూను డ్రమ్మే తనవైపు లాక్కుంటుంది. కనుక తక్కువ శ్రమతో ఎక్కువ బలం వస్తుంది. డిస్కులో ఈ సాయం లేదు, పెడల్ ఒత్తిడి ఎక్కువ కావాలి. వెనుక డ్రమ్ము తీసి డిస్కు పెట్టేవాడు ఈ సాయం పోతుందని, క్యాలిపర్ పిస్టనుకు బ్రేకు ఆయిలు ఎక్కువ కావాలి గనుక మాస్టర్ సిలిండరు సరిపోకపోవచ్చునని, పాత డ్రమ్ము లైనులో కొద్ది ఒత్తిడిని నిలిపి వుంచే వాల్వు వుంటే అది డిస్కును రాపాడిస్తుందని, హ్యాండ్ బ్రేకుకు వేరే అమరిక కావాలని ముందే చూసుకోవాలి. వీటిలో ఏది మరచినా చేసిన మార్పు నష్టమే.

డ్రమ్ము పాతబడిన వస్తువని కూడా అనుకోనక్కరలేదు. 2020లో వచ్చిన ఫోక్స్‌వాగన్ ఐ.డి.4 ఎలక్ట్రిక్ కారుకు వెనుక డ్రమ్ములే పెట్టారు. అందులో మోటారే జనరేటరుగా మారి చాలాసార్లు బండిని ఆపుతుంది, వెనుక బ్రేకుకు పని తక్కువ. ఎప్పుడో ఒకసారి వాడే బ్రేకు తుప్పు పట్టకుండా మూతలో వుండడమే మేలు గదా! మన ఉమ్మడి జిల్లా పెనుకొండ దగ్గర 2019 నుంచి కియా కార్లు తయారవుతున్నాయి. అక్కడికి ఉద్యోగానికి పోవాలనుకునే మిత్రులు ఇలాంటి 'ఎందుకు'లను ఇప్పటినుంచే అడగడం అలవాటు చేసుకోవాలి.

మోటారు సైకిలు సంగతి

స్పోర్ట్స్ కారు మనలో ఎవరికీ లేదు. మోటారు సైకిలు మాత్రం ఇంటింటికీ వచ్చింది. అదే లెక్క ఇక్కడ చేద్దాం. బండి, మనిషి కలిసి 200 కిలోలు. ఇరుసుల మధ్య దూరం 1.25 మీటర్లు. గురుత్వ కేంద్రం ఎత్తు 0.6 మీటరు. వెనుక చక్రం మీద 110 కిలోలు. పొడి రోడ్డు మీద వెనుక బ్రేకు ఒక్కటే వాడితే, అది డ్రమ్మయినా సరే, డిస్కయినా సరే, 0.32 వంతుకు మించి ఋణత్వరణం రాదు. ఎందుకంటే అడ్డు వచ్చేది బ్రేకు కాదు, టైరు పట్టు. రెండు బ్రేకులూ సరిగా వాడితే 0.8 దాకా వస్తుంది.

గంటకు 50 కిలోమీటర్ల వేగంలో వెనుక బ్రేకుతో మాత్రమే ఆగడానికి 31 మీటర్లు కావాలి. రెండింటితో 12 మీటర్లు చాలు. ఈ తేడా 19 మీటర్లు. రోడ్డుకు అడ్డంగా వచ్చిన గేదెకూ మనకూ మధ్య వుండవలసిన దూరం అది. "ముందు బ్రేకు ముట్టద్దు నాయనా" అని పెద్దలు ప్రేమతోనే చెప్పారు. తిన్నని పొడి రోడ్డు మీద ఆ సలహా ప్రాణానికి ముప్పు. ఇసుకలోను, బురదలోను, మలుపులోను మాత్రం ముందు బ్రేకును జాగ్రత్తగా వాడాలన్నది నిజమే.

2019 ఏప్రిల్ నుంచి మన దేశంలో 125 సి.సి. దాకా వున్న కొత్త బండ్లకు రెండు బ్రేకులూ కలిసి పడే అమరికను, అంతకు మించినవాటికి చక్రం బిగిసిపోకుండా కాచే ఎ.బి.ఎస్.ను తప్పనిసరి చేశారు. వెనుక పెడల్ తొక్కితే ముందు బ్రేకు కూడా కొంత పడుతుంది. మన అలవాటును మార్చలేక ప్రభుత్వం బండినే మార్చిందన్నమాట. కొందరు మెకానిక్కులు 'అడ్డంగా వుంద'ని ఆ కేబులు తీసేస్తుంటారు. దయచేసి తీయించవద్దు.

మన ట్రాక్టరు, ట్రాలీ

ఇక అసలు విషయానికి వస్తాను. నేను సేద్యగాళ్ళ ఇంట్లో పుట్టినవాణ్ణి గనుక ఈ లెక్క నన్ను నిద్రపోనివ్వలేదు.

మామూలు ట్రాక్టరుకు బ్రేకులు వెనుక చక్రాలకే వుంటాయి. బరువులో ఎక్కువ భాగం వెనుకే వుంది గనుక పొలంలో అది చాలు. ఎడమకొకటి, కుడికొకటి రెండు పెడళ్ళు. సాలు చివర ఒకటే తొక్కి చిన్న చోట మలుపుతారు. రోడ్డెక్కేముందు రెండింటినీ కలిపి కొక్కీ వేయాలి. వేయకుండా వేగంలో ఒక పెడల్ తొక్కితే ట్రాక్టరు ఒక్కసారిగా ఆ పక్కకు లాగి బోల్తా పడుతుంది. ఆయిల్ బ్రేకులు వచ్చిన తరువాత పట్టు మెరుగైంది, కాని ఈ కొక్కీ నియమం మారలేదు.

వెనుక ట్రాలీ తగిలిస్తే లెక్క తలక్రిందులవుతుంది. ట్రాక్టరు 2,000 కిలోలు, దాని వెనుక ఇరుసు మీద 1,300. రెండు చక్రాల ట్రాలీ, శెనక్కాయల లోడుతో కలిపి 5,000 కిలోలు, అందులో 500 ట్రాక్టరు కొక్కెం మీద పడుతుంది. ఆపవలసిన బరువు 7,000. ఆపే చక్రాల మీద వున్నది 1,800. ఘర్షణ గుణకం 0.7 అనుకుని, ముందుకు మొగ్గే బరువును లెక్కలో వేయకుండా చూసినా, వచ్చే ఋణత్వరణం 0.18 వంతు మాత్రమే. ఒంటి ట్రాక్టరుకు అది 0.45. గంటకు 25 కిలోమీటర్ల వేగం నుంచి ఒంటి ట్రాక్టరు 5.4 మీటర్లలో ఆగితే, ట్రాలీతో దాదాపు 14 మీటర్లు పడుతుంది.

ఇది సమతలం మీద. ఉరవకొండ నుంచి అనంతపురం పోయేదారిలో పెన్నహోబిలం దగ్గర పెన్నను దాటడానికి దిగుతాం. ఎక్కడైనా 20 మీటర్లకు ఒక మీటరు దిగే వాలు వుంటే అదే బండికి 19 మీటర్లు కావాలి. ఆ వాలు మీద గుల్ల ఇసుకగాని, పొలాల నుంచి చక్రాలు లాక్కొచ్చిన నల్లరేగడి బురదగాని వుండి ఘర్షణ 0.4కు పడిపోతే 46 మీటర్లు! నెలల తరబడి వానలేక దుమ్ము, నూనె పేరుకున్న మన రోడ్ల మీద మొదటి వాన పడ్డ గంటలో ఇలాంటి జారుడే వుంటుంది. వాన కోసం ఆకాశం చూసే మనం ఆ గంటలో మాత్రం రోడ్డును చూడాలి.

దూరం ఒక్కటే కాదు. ట్రాక్టరు ఆగాలని చూస్తుంటే ట్రాలీ వెనుకనుంచి తోస్తుంది. తిన్నగా తోస్తే సరే, కాస్త వంకరగా వుంటే ట్రాక్టరును పక్కకు మడిచేస్తుంది. స్పోర్ట్స్ కారు తోక తిరిగినట్లే ఇదీను. ఆ ట్రాలీలో లోడు మీద, లోడు లేనప్పుడు అడుగున, కూలికి పోయే మన తల్లులు, అక్కచెల్లెళ్ళు కూర్చుని వుంటారు. సరుకుల ట్రాలీలో మనుషుల్ని ఎక్కించడాన్ని చట్టం ఒప్పదు. కాని పొద్దున్నే ఏ ఊరి రోడ్డు మీద నిలబడి చూసినా కనబడేది అదే.

వెనుక బ్రేకులు నిజంగా పెంచవలసిన బండి ఏదైనా వుంటే అది ఇదే. ట్రాలీ చక్రాలకు బ్రేకులు పెట్టాలి. ట్రాక్టరు హైడ్రాలిక్ ఒత్తిడితో పనిచేసేవీ వున్నాయి, ట్రాలీ ముందుకు తోసే బలాన్నే వాడుకుని తమంత తామే పడేవీ వున్నాయి. ట్రాలీ చక్రాల పట్టులో సగం మాత్రమే వాడుకున్నా, సమతలం మీద ఆగే దూరం 14 మీటర్ల నుంచి సుమారు 6 మీటర్లకు తగ్గుతుంది. కారుకు వెనుక బ్రేకు పెంచితే దూరం పెరిగింది, ట్రాలీకి పెడితే సగానికి పైగా తగ్గింది. రెండుచోట్లా సూత్రం ఒకటే: బరువు ఎక్కడుందో బ్రేకు అక్కడ వుండాలి.

మనం చేయదగినవి

ట్రాలీ కొనేటప్పుడు బ్రేకుల ట్రాలీ అడగాలి. కొనేవాళ్ళు అడగకపోతే చేసేవాళ్ళు పెట్టరు. వున్నదానితో నడిపేటప్పుడు రోడ్డు మీద రెండు పెడళ్ళకూ కొక్కీ వేయాలి. వాలు మొదలు కాకముందే గేరు తగ్గించాలి. దిగేటప్పుడు క్లచ్చి తొక్కి గాని, న్యూట్రల్ చేసి గాని డీజిలు మిగిలించుకునే ఆలోచన మానాలి. లోడు ఎత్తు పెంచితే గురుత్వ కేంద్రం కూడా పెరుగుతుందని గుర్తుంచుకోవాలి. మనుషుల్ని ఆటోలోనో బస్సులోనో పంపాలి.

మిత్రులారా, ఘర్షణ, జడత్వం, భ్రామకం అన్నవి పరీక్షలో మార్కుల కోసం రాసి వచ్చే మాటలుగా మిగిలిపోతున్నాయి. మా నాన్న ఈ మాటలేవీ చదవలేదు. కాని ఈ లెక్కను కాగితం మీద వేసి చూపించినప్పుడు ఆయన అడిగిన ప్రశ్న ఒక్కటే: "ట్రాలీకి బ్రేకు పెట్టించడానికి ఎంతవుతుందిరా?" మనలో పల్లెల నుంచి వచ్చినవాళ్ళు ఎందరో వున్నారు. ప్రతి ఒక్కరూ ఈ లెక్కను తమ ఇంట్లో ఒక్కసారి వేసి చూపిస్తే, మన చదువు మన రోడ్ల మీద నాలుగు ప్రాణాలు కాచినట్లవుతుంది.